ఇల్లు - వాకిలి: వదులైన స్విచ్చి



ఈ నెల ఒక చిన్న వస్తువును గురించి వ్రాస్తున్నాను. అది మీ ఇంటిలో గుమ్మం ప్రక్కనే ఉంటుంది. తలుపు గడియకంటె ఎక్కువసార్లు చెయ్యి తగిలేది దానికే. కాని అది వదులైపోయినప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు. "కాస్త పైకెత్తి నొక్కండి, వెలుగుతుంది" అని వచ్చిన చుట్టాలకు కూడా నేర్పుతారు. ఇళ్లు దర్శించటానికి వెళ్లినప్పుడు ఈ మాట నేను వినని వీధి లేదు. ఒక ఇంటిలో స్విచ్చి సందులో అగ్గిపుల్ల ఇరికించి ఉంటుంది. మరొక ఇంటిలో దెబ్బలకు అంటించే ప్లాస్టరు అంటించి ఉంటుంది. ఒక పెద్దాయన అయితే గుమ్మం దగ్గర ఎండిన కర్రపుల్ల ఒకటి పెట్టుకున్నారు. ఎందుకండీ అంటే, "చేత్తో నొక్కితే కొడుతోంది గనుక" అన్నారు. కొడుతున్నదని తెలిసి కూడా దానిని బాగుచేయించే మాట మాని పుల్ల వెదుక్కున్నారు!

మన హైదరాబాదుకు కరెంటు నిన్న మొన్న వచ్చింది కాదు. 1920లోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉండేది. ఆ కట్టడం ఇప్పుడు లేదు. ఆనాటి ఇళ్లలో గుండ్రని నల్లని స్విచ్చిలు చెక్క బోర్డులమీద ఉండేవి. పాతబస్తీలో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కనబడతాయి. ఆ నల్లని పదార్థము బేకలైటు. బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త 1907లో దానిని తయారుచేశాడు. వేడికి కరగదు, కరెంటును పోనివ్వదు. తరువాత వచ్చిన తెల్లని పియానో స్విచ్చిల కాలంలో బోర్డు మీద మూతగా బిగించే రేకును మన ఎలక్ట్రీషియన్లు హైలం షీటు అంటారు. ఆ మాట మన ఊరిదే. బేకలైట్ హైలం అనే హైదరాబాదు కంపెనీ పేరే ఆ షీటుకు పేరైపోయింది. దేశంలో ఎక్కడ కొన్నా ఆ పేరుతోనే అడుగుతారు. ఇప్పుడు మాడ్యులర్ స్విచ్చిలు వచ్చాయి గాని, మన సంఘస్థుల ఇళ్లలో ఎక్కువ భాగం ఇంకా పియానో స్విచ్చి, హైలం షీటే గనుక వాటిని దృష్టిలో ఉంచుకొని వ్రాస్తున్నాను.

వదులు అనే మాట ఒక్కటే గాని, వదులు ఒక్క రకం కాదు. ఇది తెలియక చాలామంది దీనికి చేయవలసినది దానికి చేస్తారు.

నొక్కినప్పుడు షీటు మొత్తం లోపలికి పోయి వస్తుంటే, తప్పు స్విచ్చిలో లేదు. షీటును పట్టుకొన్న మూల స్క్రూలు ఊడాయి, లేదా గోడలో దిగవేసిన చెక్కముక్క చెమ్మకు చివికిపోయింది. షీటు గట్టిగానే ఉండి ఒక్క స్విచ్చి మాత్రం దాని గదిలో కదులుతుంటే, స్విచ్చిని షీటుకు పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలను చూడాలి. స్విచ్చి కదలదు గాని దాని నాలుక మెత్తబడి, పైనా క్రిందా కాక నడుమ నిలిచిపోతుంటే, లోపలి స్ప్రింగు అయిపోయిందన్నమాట. స్విచ్చి నొక్కినప్పుడు టక్కుమని చప్పుడు రావటం ఊరకే కాదు. 1884లో హోమ్స్ అనే ఇంగ్లండు ఇంజనీరు, లోపలి ముక్కలు చటుక్కున విడిపోయే స్విచ్చిని తయారుచేశాడు. నెమ్మదిగా విడిపోతే ఆ సందులో నిప్పురవ్వ సాగి లోహాన్ని కాల్చివేస్తుంది. టక్కుమనే చప్పుడు పోయిన స్విచ్చికి వైద్యం లేదు, దానిని మార్చవలసినదే. దాని ఖరీదు రెండు మూడు ఇరానీ చాయ్‌ల కంటె ఎక్కువ ఉండదు. విప్పి స్ప్రింగు సాగదీసి మళ్లీ పెట్టేవారిని చూశాను. ఆ పొదుపు నాకు అర్థం కాదు.

నాలుగవది అన్నిటికంటె చెడ్డది. బయట ఏమీ కదలదు. లోపల స్క్రూ క్రింద వైరు వదులై ఉంటుంది. లైటు మినుకు మినుకుమంటుంది, బోర్డు దగ్గర చెవి పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, ఒక్కొక్కసారి చేప కుళ్లినట్టు వాసన వస్తుంది. అది వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన. ఇంట్లో చేప లేకుండా ఆ వాసన వస్తే ముందు బోర్డులను చూడండి.

ఒక్క బల్బుకు అంత వేడి ఎక్కడినుండి వస్తుంది అని అడుగుతారు. బల్బు ఒక్కటే అయితే నిజమే. కాని మన బోర్డులలో ఫేజు వైరు ఒక స్విచ్చి నుండి మరొక స్విచ్చికి, అక్కడనుండి ప్లగ్గుకు గొలుసులాగా వెళ్తుంది. దీనినే లూపు అంటారు. లైటు స్విచ్చి దగ్గర లూపు వదులైతే, ఆ ప్లగ్గులో పెట్టిన వస్తువు కరెంటంతా ఆ వదులు చోటు మీదుగానే పోవాలి. చలికాలంలో నీళ్లు కాచే రాడ్డు పెట్టారనుకోండి. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల మీద సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. వదులైన చోట అర ఓము అడ్డు ఏర్పడితే, 6.5ను 6.5తో హెచ్చించి సగం చేయండి. 21 వాట్లు వస్తుంది. రేడియోలు బాగుచేసేవాని దగ్గర సీసం కరిగించే సోల్డరింగు ఐరను చాలావరకు 25 వాట్లదే. అంటే గోడలో, చెక్కపెట్టెలో, వైర్ల నడుమ ఇంచుమించు అటువంటి ఐరను ఒకటి పెట్టి నీళ్లు కాగేదాకా ఉంచినట్లే. పైగా ఆ చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకు చేసినది, రాడ్డు అంతకంటె ఎక్కువ లాగుతుంది. రాడ్డుకు, ఇస్త్రీ పెట్టెకు, గీజరుకు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు వేరుగా ఉండాలి.

ఫ్యూజు ఉంది గదా, ఎం.సి.బి. ఉంది గదా అని ధీమా పడవద్దు. ఈ వదులు వలన కరెంటు పెరగదు గనుక వాటికి ఏమీ తెలియదు. అవి ఎక్కువ కరెంటుకు పడిపోయేవి, వేడికి కాదు.

ఇక షాకు మాట. గుడిమల్కాపూర్ పూలమార్కెట్టు మీకు తెలిసే ఉంటుంది. 2009లో జాంబాగ్ నుండి ఇక్కడికి తరలించారు. తెల్లవారకముందే బంతి, చామంతి మూటలు దిగుతాయి. మార్కెట్టు చుట్టూ సందులలో ఒకే ఇంటిని నాలుగైదు వాటాలుగా చేసి కిరాయికి ఇస్తారు. అటువంటి ఒక వాటాలో దండలు గుచ్చే ఒక అమ్మ ఉన్నారు. మూడు గంటలకే లేచి మార్కెట్టుకు పోయి పూలు తెచ్చి, తడిగుడ్డలో చుట్టి, నీళ్లు చిలకరించుకుంటూ గుచ్చుతారు. అంటే రోజు పొడవునా ఆమె చేతులు తడిగానే ఉంటాయి. క్రింద షాబాదు బండలు, వాటిమీద కూడా నీళ్లే. ఆ గదిలో లైటు బోర్డు షీటు ఒక మూల లేచి ఉంది. ఆ స్విచ్చి క్రింద ఒక జత రబ్బరు చెప్పులు కనిపించాయి.

"ఇవి ఇక్కడెందుకమ్మా?" అన్నాను.

"లైటేసేటప్పుడు తొడుక్కుంట అయ్యగారూ. లేకుంటే దెబ్బ కొడ్తది. చిన్నగనే కొడ్తది. అలవాటైంది."

"ఓనరుగారికి చెప్పలేదా?"

"చెప్తే కిరాయి పెంచుతడు. మొన్న నల్లా గురించి చెప్తే గట్లనే జేసిండు."

చిన్నగా కొట్టటం అనేది ఎంతటి భ్రమో ఒక లెక్కతో చెబుతాను. ఒక మిల్లీ ఆంపియరు కరెంటు ఒంట్లోంచి పోతే జివ్వుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకొని పట్టుకున్నది వదలలేము. ముప్పై దాటి కొంతసేపు సాగితే శ్వాస, గుండె ప్రమాదంలో పడతాయి. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఆ కాస్త కరెంటు మనిషి ప్రాణానికి చాలు. పొడి చర్మానికి అడ్డు పదుల వేల ఓములు ఉంటుంది గనుక జివ్వుమని వదిలిపోతుంది. అదే చేయి నీళ్లలో నాని, కాలు తడి బండ మీద ఉంటే ఆ అడ్డు వెయ్యి ఓములకు పడిపోవచ్చును. 230 వోల్టులకు లెక్క వేయండి. 230 మిల్లీ ఆంపియర్లు! నిన్న చిన్నగా కొట్టిన స్విచ్చి ఇవాళ కూడా చిన్నగానే కొట్టాలని లేదు. కొట్టే స్విచ్చి మారలేదు, తడిసిన చెయ్యి మారింది. పైగా ఆమె చీకటిలో తడుముకుంటూ లైటు వేస్తారు. చెప్పులు మరచిన ఒక్క తెల్లవారుజాము చాలు.

ఫ్యూజు ఆమెను కాపాడదా? కాపాడదు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5000 మిల్లీ ఆంపియర్లు. మనిషిని చంపే కరెంటు దానికి ఒక లెక్క కాదు. మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. అనే వేరొక పరికరము. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. మధ్యలో 30 మిల్లీ ఆంపియర్లు మరొక దారిన, అనగా మన ఒంటిగుండా భూమిలోకి పోతే రెప్పపాటులో మెయిన్‌ను పడవేస్తుంది. ఇల్లు కట్టుకునేవారు రంగుల దగ్గర కాస్త తగ్గించుకొని అయినా ఇది పెట్టించుకోవాలి. ఇళ్ల ప్రతిష్ఠకు పిలిచినప్పుడు నేను మొదట చూసేది మీటరు దగ్గర ఈ పెట్టె ఉందా లేదా అని.

ఆ ఇంటి యజమానితో మాట్లాడటానికి వెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టారు. "లైటు వెలుగుతూనే ఉంది గదండీ, ఇంకేమి?" అన్నారు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇల్లు కట్టేవానికి ఒక నియమం ఉన్నది. మిద్దె మీదినుండి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. పడేవాడు జాగ్రత్తగా ఉండవలెనని అక్కడ లేదు, కట్టినవాడు గోడ కట్టవలెనని ఉన్నది. నేను ఆయనతో ఈ వాక్యం ఎత్తలేదు. ఆయన మన సంఘస్థుడు కాదు, నేను వాదించటానికి వెళ్లలేదు. టెస్టరు తీసుకొని రమ్మని మన సంఘంలో ఐ.టి.ఐ. చదివిన తమ్ముడిని వెంట పెట్టుకొని వెళ్లాను. యజమాని కళ్ల ముందే షీటు మూల స్క్రూ మీద టెస్టరు పెడితే ఎర్రగా వెలిగింది. బల్బులోకి పోవలసిన కరెంటు స్క్రూ మీద ఉన్నది! ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, చేయించండి అన్నారు.

విప్పి చూస్తే, ఫేజు వైరు స్విచ్చి స్క్రూ క్రిందనుండి సగం జారి, దాని రాగి పోగు ఒకటి షీటు బిగించే స్క్రూను తాకుతోంది. స్విచ్చి మార్చి, వైరు చివర కత్తిరించి బిగించి, చివికిన చెక్కముక్క తీసివేసి కొత్తది దిగవేశాడు. అరగంట పని. ఖర్చు ఓనరు ఇచ్చారు. మరుసటి నెల కిరాయి రెండువందలు పెంచారు. ఆ అమ్మ నాతో ఏమీ అనలేదు గాని, వాళ్లాయన మాత్రం, "చెప్పులే నయముండె అయ్యగారూ" అని నవ్వాడు. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. కిరాయిదారులు, ఓనర్లు ఇద్దరూ ఈ పత్రిక చదువుతారు గనుక వ్రాస్తున్నాను. నల్లా వాషరుకు, స్విచ్చికి కిరాయి పెంచే ఓనర్లు మన సంఘాలలోనూ ఉన్నారు.

ఈ పని మనం చేయవచ్చునా, లైసెన్సు ఉన్నవారే చేయాలా అని కొందరు అడిగారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 45వ నియమము, వైరింగు పనులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలని చెబుతూనే, ఇళ్లలోని బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చిలు అదే రకంవి మార్చుకోవటానికి మినహాయింపు ఇచ్చింది. 2010లో ఆ నియమాల స్థానంలో వచ్చిన నిబంధనలు కూడా ఆ మినహాయింపును ఉంచాయి. కనుక ఉన్న స్విచ్చి తీసి అటువంటిదే పెట్టటం తప్పు కాదు. కొత్తగా లైను లాగటం, లైటు బోర్డులోనుండి మోటారుకు కనెక్షన్ ఇవ్వటం మాత్రం మన పని కాదు.

చేసేవారు పగటిపూట చేయండి. ముందుగా మెయిన్ ఆపాలి. స్విచ్చి ఆఫ్ చేస్తే చాలదు, ఎందుకంటే ఆఫ్ చేసినా దాని ఒక స్క్రూ మీద ఫేజు ఉండనే ఉంటుంది. ఫ్యూజు అయితే ఊడదీసి జేబులో వేసుకోండి. ఎం.సి.బి. అయితే దించి, "పని జరుగుతోంది" అని కాగితం అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి. ఫ్యాను ఆగిపోయిందని పిల్లవాడు వెళ్లి మెయిన్ వేసిన సంగతులు వినే ఉంటారు. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో మెయిన్ ఆపినా కొన్ని బోర్డులలో కరెంటు ఉంటుంది. దానిని కూడా ఆపాలి. వాటాల ఇళ్లలో ఒక చిక్కు ఉంది. మీ బోర్డులోకి ప్రక్క వాటా లైను వచ్చి ఉండవచ్చును. మీ మీటరు ఆపితే అది ఆగదు. అందుచేత టెస్టరును నమ్మాలి, అయితే ముందు టెస్టరును పరీక్షించాలి. కరెంటున్న చోట పెట్టి వెలుగుతున్నదా చూడండి. తరువాత మీ బోర్డులో ప్రతి స్క్రూ మీద పెట్టి చూడండి. ఆ తరువాత మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడండి. మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటే ఉండదు గనుక ఈ పరీక్షకు ప్రక్కింటి ప్లగ్గు కావలసి వస్తుంది. ఇంత చాదస్తం దేనికి అనుకోవద్దు. టెస్టరులోని బుడ్డి చెడిపోతే, చచ్చిన లైను, బ్రతికిన లైను రెండూ దానికి ఒక్కటే.

షీటు విప్పి మెల్లగా ముందుకు తీయండి, లాగవద్దు. పాత వైరింగులో అల్యూమినియం తీగ ఉంటుంది. రెండుసార్లు వంచితే విరుగుతుంది. లోపల చీమల పుట్ట ఉంటే, ఎండిన బల్లి ఉంటే ఆశ్చర్యపడవద్దు, పాత బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ పెట్టవద్దు. ఏ వైరు ఎక్కడ ఉన్నదో కాగితం మీద గీసుకోండి, ఫోను ఉన్నవారు ఫోటో తీసుకోండి. ఒక్కొక్క వైరునే విప్పి, బిగించి, తరువాతి దానికి వెళ్లండి. నల్లబడిన చివరను కత్తిరించి, అర అంగుళం తోలు తీసి, పోగులన్నీ కలిపి మెలిపెట్టి, స్క్రూ క్రింద పెట్టి బిగించండి. ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. పూలమ్మ ఇంట్లో జరిగింది అదే. అలాగని తోలును కూడా స్క్రూ క్రింద పెట్టి బిగించరాదు. బిగించిన తరువాత వైరును చిన్నగా లాగి చూడండి. వస్తే బిగియలేదు. బలమంతా పెట్టి తిప్పితే ఇత్తడి మర పోతుంది, అది కూడా వదులే అవుతుంది. అల్యూమినియం తీగకు మరొక గుణం ఉంది. స్క్రూ క్రింద నలిగి నలిగి తనంతట తానే పలుచనై వదులవుతుంది. అటువంటి ఇళ్లలో ఏడాదికొకసారి బిగించి చూడాలి. దానికి రాగి తీగ మెలిపెట్టి కలపవద్దు, అతుకు త్వరగా తుప్పుపట్టి వేడెక్కుతుంది.

కొత్త స్విచ్చి కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. ఇళ్ల స్విచ్చిలకు ఐ.ఎస్. 3854 అనే ప్రమాణం ఉన్నది. తోపుడుబండి మీద సగం ధరకు వచ్చేదాని లోపల ఇత్తడి రేకు కాగితంలాగా ఉంటుంది.

స్విచ్చి ఫేజు మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా అనేది కూడా ఇదే సమయంలో చూసుకోవాలి. న్యూట్రల్ మీద పెట్టినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది. కాని ఆరిన తరువాత కూడా హోల్డరులో కరెంటు ఉంటుంది. స్విచ్చి ఆపాను గదా అని స్టూలెక్కి బల్బు మార్చేవానికి అది తెలియదు. స్విచ్చి ఆపి హోల్డరులో రెండు పుల్లల మీద టెస్టరు పెడితే వెలగకూడదు. వెలిగితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. రంగులను నమ్మవద్దు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అనేది మన పద్ధతే గాని, ఇంట్లో మిగిలిన ముక్క ఏది దొరికితే అది వాడినవారు ఎంతోమంది.

పల్లెలలో ఉన్నవారికి ఒక మాట. ఒక్క లైటు కాదు, ఇల్లంతా ఒకసారి మసకబారి ఒకసారి ధగధగ వెలుగుతుంటే అది మీ స్విచ్చి కాదు. స్తంభం మీద గాని మీటరు దగ్గర గాని న్యూట్రల్ వదులైంది. అది పూర్తిగా తెగితే మీ ఇంటికి 230కి బదులు 400 దాకా వోల్టులు రావచ్చును. టీవీలు, ఫ్రిజ్జులు కాలేది అప్పుడే. వెంటనే మెయిన్ ఆపి లైన్‌మ్యాన్‌ను పిలవండి, లేక 1912కు ఫోను చేయండి. స్తంభం మీద ఎవరినీ ఎక్కనివ్వవద్దు. బావి దగ్గర స్టార్టరు డబ్బా హ్యాండిలు వదులైతే దానిని ఇంటి స్విచ్చిలాగా చూడరాదు. అక్కడ మూడు ఫేజులు, కాళ్ల క్రింద బురద. దేశంలో ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారు. రైతు ఇళ్లలో ఈ దుఃఖం చూసిన కాపరులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

గోడే జివ్వుమంటున్నా, వైరు తోలు పొడిపొడిగా రాలుతున్నా, బోర్డు మీద గోధుమరంగు మచ్చ పడినా మీరు విప్పవద్దు. వానాకాలంలో చెమ్మెక్కిన గోడ బోర్డులు ఈ జాబితాలోనివే.

ఎవరికైనా షాకు తగిలి పట్టుకొనిపోతే మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. మెయిన్ దూరమైతే పొడి కర్రతో గాని ప్లాస్టిక్ కుర్చీతో గాని మనిషిని వైరు నుండి వేరు చేయండి. ఇది ఇంటి కరెంటుకే. పెద్ద లైను తీగ అయితే దగ్గరకు కూడా పోరాదు. పిలిస్తే పలకక, శ్వాస లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులు పెట్టి నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాల లోతు నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. నోట్లో నీళ్లు పోయవద్దు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఫ్యూజులో ఎంత లావు తీగ వేయాలని, రాగి పోగులు మూడు కలిపి వేస్తే తప్పేమిటని కొందరు సహోదరులు ఉత్తరాలు వ్రాశారు. దానికి చాలా స్థలం కావాలి గనుక వచ్చే నెల వ్రాస్తాను. అంతవరకు మూడు పోగులు వేసినవారు దయచేసి రెండు తీసివేయండి.